సగం ఫ్రేములో మత్తయి

మా బావ దేవదానానికి రేపల్లెలో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు తీసీ తీసీ విసుగెత్తి, ఆదివారం ఆరాధన కాగానే కృష్ణా నది లంకల్లో కొంగల్ని ఫొటోలు తీయడానికి బయలుదేరేవాడు. భుజాన స్టూడియో కెమెరా, చేతిలో స్టాండు. ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసేది. కొంగలు తిండి పెడతాయా అని మా అక్క దెప్పేది.

1988లో తేలికపాటి కెమెరా కొందామని నన్ను తెనాలి తీసుకెళ్లాడు. షాపులో రెండు చూపించారు. ఒకటి లెన్సులు మార్చుకునేది, బరువు. రెండోది జేబులో పడుతుంది. ఒక్కో ఫొటోకి ఫిల్ములో సగం ఫ్రేమే వాడుతుంది కనక రీలుకి ముప్పై ఆరు బదులు డెబ్బై రెండు వస్తాయి.

"సగం నెగెటివు ఎన్‌లార్జ్ చేస్తే ఏం మిగలదురా" అని బావ నసిగాడు.

"కొంగల్ని ఎవడు గోడకేసుకుంటాడు బావా, తేలిగ్గా ఉన్నది తీసుకో" అన్నాను. నా నోరు ఊరుకోదు. అదే కొన్నాడు.

రెండేళ్లు హాయిగా తిరిగాడు. లంకలకి పడవ నడిపేది మత్తయి. తొంభై మే తుపానులో మత్తయి పడవతో సహా పోయాడు. శవం కూడా దొరకలేదు. జ్ఞాపకార్థ కూడికలో పెట్టడానికి ఇంట్లో ఒక్క ఫొటో లేదు. అతని భార్య దానమ్మ స్టూడియోకి వచ్చింది.

"పడవెక్కినప్పుడల్లా తీసేవోరు గదన్నా. ఎక్కడో ఒకచోట పడుంటాడు, చూడండి."

బావ రీళ్లన్నీ వెతికాడు. అన్నీ కొంగలే. ఒక్కదాంట్లో మాత్రం దూరాన పడవ చివర గెడ పట్టుకుని మత్తయి. ఎన్‌లార్జ్ చేస్తే తలపాగా వచ్చింది, భుజాలొచ్చాయి. మొహం ఉండాల్సిన చోట ఇసుక చల్లినట్టు చుక్కలు.

స్టూడియోవాళ్ల చేతికి టచింగ్ పెన్సిలు అలవాటే. పెళ్లికూతుళ్ల మచ్చలు తీసేసే చేత్తోనే కళ్లు గీశాడు, ముక్కు గీశాడు, మీసం పెట్టాడు. రెండేళ్లు ఎదురుగా కూర్చున్న మనిషి కళ్లు ఎలా ఉంటాయో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదట. దానమ్మ ఆ ఫొటో చాలాసేపు చూసింది. "ఈయనేనన్నా" అని గుండెకి హత్తుకుని పట్టుకెళ్లింది.

ఆ తర్వాత బావ లంకల వైపు పోలేదు. కెమెరా బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఆ ఇంట్లోకి ఎవణ్ణో పంపించానురా" అనేవాడు, అన్నం ముందు కూర్చుని కలపకుండా.

మంచే చేశావని సర్దిచెప్పేవాణ్ణి. చెబుతున్నంతసేపూ, ఆ కెమెరా కొనిపించింది నేనే కదా అని నాకూ భయం వేసేది.

ఏడేళ్ల తర్వాత బాపట్లలో ఒక పెళ్లిలో దానమ్మ ఎదురైంది. బావ ఉండబట్టలేక చెప్పేశాడు.

"చెల్లెమ్మా, ఆ మొహం నేను గీసిందమ్మా. మత్తయిది కాదు."

"తెలుసన్నా. చూడగానే తెలిసింది. కూడికకి ఏదో ఒకటి కావాలి గదా అని తీసుకెళ్లా."

బావ ఊపిరి వదిలాడు. ఇన్నాళ్ల బరువు దిగిందనుకున్నాను. దానమ్మ కదల్లేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

"మొదట్లో కల్లోకి మా ఆయనే వచ్చేవోడన్నా. ఇప్పుడు ఆ ఫొటోలో ఆయనొస్తన్నాడు. మా ఆయన మొహం ఎట్టా ఉండేదో మీకేమన్నా గుర్తుందా?"