అత్తయ్య చేతికి కుదిరిన టైమింగ్

పోయిన కార్తీకంలో మా ఇంటిల్లిపాదీ సింగరాయకొండ దగ్గరి సముద్రపు ఒడ్డుకు వెళ్ళాం. అందరూ నీళ్ళలోకి దిగితే, మోకాళ్ళు సహకరించని నేను ఇసుకలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. అక్కడ ఒకాయన నాలుగు చక్రాల చిన్న బళ్ళు పెట్టుకుని ఒడ్డు వెంట సరదాగా తిప్పుతున్నాడు. ఏటీవీలంటారట వాటిని. వాటిలో ఒకటి టూ స్ట్రోక్ ఇంజనుది, తాడు లాగి స్టార్టు చేసేది. ఆయన తాడు లాగడం, ఇంజను లోపలినుంచి ఒక్క గుంజు గుంజి తాడును వెనక్కి లాక్కోవడం, ఆయన వేళ్ళు విదిలించుకుని బండిని తిట్టుకోవడం చూస్తుండగానే నా కుడిచెయ్యి దానంతట అదే ముడుచుకుపోయింది. ఉండబట్టలేక లేచి వెళ్ళి, దీని టైమింగ్ ఎవరైనా ముందుకు జరిపారా అని అడిగాను. వేగం చాలడం లేదని ఎవరో మెకానిక్ చేత జరిపించానని, ఆ సంగతి నాకెలా తెలిసిందని ఆయన విస్తుపోయాడు. నిలబడి చెప్పే సంగతి కాదు కాబట్టి నవ్వేసి వచ్చి కూర్చున్నాను. కూర్చున్నానన్నమాటే గాని, ఆ పూటంతా సముద్రం నా కంటికి ఆనలేదు.

కుర్రతనంలో, డిగ్రీ తప్పి ఇంట్లో ఖాళీగా తిరుగుతున్న నన్ను, మా అక్క ప్రత్తిపాడులో ఉన్న తన ఇంటికి తీసుకుపోయి బావకు అప్పజెప్పింది. బావకు బజారులో మెకానిక్ షాపు ఉండేది. మా పల్లెల్లో పొగాకు తగ్గి ప్రత్తి పెరుగుతున్న రోజులవి. ప్రత్తితో పాటే పురుగూ వచ్చింది, పురుగుతో పాటే వీపుకు తగిలించుకుని మందు కొట్టే పవర్ స్ప్రేయర్లూ వచ్చాయి. వాటికి ఉండేది చిన్న టూ స్ట్రోక్ ఇంజను. వానాకాలం దాటి ప్రత్తి మొగ్గ తొడిగి గూడ కట్టే వేళకు మా షాపు ముందు ఆ ఇంజన్లు వరస కట్టేవి. పెట్రోలు, ఆయిలు కలిసిన ఆ పొగ వాసన నా బట్టల్లో ఎంతగా ఇంకిపోయిందంటే, పండక్కి ఇంటికి వెళితే మా అమ్మ నన్ను గుమ్మం బయటే నిలబెట్టి నీళ్ళు తెచ్చేది.

రైతులందరిదీ ఒకటే కోరిక. గాలి ఇంకా గట్టిగా రావాలి, మందు ఇంకా దూరం పడాలి. దానికి బావ దగ్గర ఒక ఉపాయం ఉండేది. పిస్టన్ పూర్తిగా పైకి చేరకముందే ప్లగ్గులో నిప్పురవ్వ పడాలి, ఎంత ముందుగా పడాలన్నదే టైమింగ్. ఫ్లైవీల్ అనే చక్రం ఊడదీసి, దాని వెనక ఉన్న ప్లేటు స్క్రూలు వదులు చేసి, ప్లేటును వెంట్రుకవాసి తిప్పితే రవ్వ ఇంకాస్త ముందుగా పడుతుంది, ఇంజను ఊపందుకుంటుంది. సరిగ్గా ఏ క్షణంలో రవ్వ పడుతున్నదో తెలుసుకోవడానికి, ఆ ప్లేటు మీద విడిపోగానే రవ్వ పడేలా చేసే రెండు పాయింట్ల మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పాలి. పాయింట్లు విడిపోగానే కాగితం జారి చేతికొస్తుంది. ఆ కాగితం కోసమే, చుట్టా బీడీ ఎరగని మా బావ జేబులో ఎప్పుడూ ఒక సిగరెట్ పెట్టె ఉండేది. పెళ్ళయిన కొత్తల్లో అది చూసి మా అక్క అలిగి పుట్టింటికి రాబోయిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయితే ఈ ఉపాయానికి ఒక పేచీ ఉంది. రవ్వ మరీ ముందుగా పడితే, స్టార్టు చేసేటప్పుడు పిస్టన్ పైకి రాకముందే మంట దాన్ని కిందికి తన్నేస్తుంది. అప్పుడు తాడు చేతిని వెనక్కి గుంజుతుంది. లాగేవాడి చెయ్యి గట్టిదైతే ఆ తన్నును దాటించి ఇంజన్ని అందుకునేలా చేయగలడు. అందుకే బావ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పని అయ్యాక షాపు ముందు ఇంజను యజమాని తానే తాడు లాగాలి. అతని లాగుడు చూసి బావ టైమింగ్ ఖాయం చేసి స్క్రూలు బిగించేవాడు. ఈ పద్ధతి గురించి బావకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మా మేనత్తది పక్క ఊరే. మామయ్య పోయాక, ఒక్కగానొక్క కూతుర్ని పెట్టుకుని, ఉన్న ప్రత్తి చేను తానే చేయించుకునేది. మందు కొట్టే రోజుల్లో ఊళ్ళో అందరికీ ఒకేసారి మనుషులు కావాలి, మగదిక్కు లేని ఇంటికి వాళ్ళు ఆఖరున వచ్చేవారు, అప్పటికి పురుగు తినాల్సింది తినేసేది. అలా ఒక పంట నష్టపోయి, విసిగి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని తానే స్ప్రేయరు వీపుకెత్తుకుంది. ఆడమనిషి మందు కొట్టడం మా వైపు అంతకు ముందు ఎవరూ ఎరగరు.

ఆ యేడు కాయ పడే సమయంలో, ఇంజను బిగువు తగ్గిందని తన మరిది చేత షాపుకు పంపించింది. బావ శ్రద్ధగా చేశాడు, చివర్లో పద్ధతి ప్రకారం తాడు లాగించాడు. లాగింది ఆ మరిది. బండ పందేలకు ఎడ్లను తోలే మనిషి, ఒక్క లాగుకే ఇంజను గర్జించింది. బావ తృప్తిగా స్క్రూలు బిగించేశాడు. ఆడవాళ్ళు షాపుకు రావడం అనేది లేదు గనక, చేలో లాగే చెయ్యి వేరని అతనికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

చేలో అత్తయ్య లాగితే అది తన్నింది. మళ్ళీ లాగితే మళ్ళీ తన్నింది. అరచెయ్యి కమిలి, మణికట్టు వాచి, చివరకు మరిదిని పిలిస్తే ఆయన వచ్చి ఒక్క లాగుతో స్టార్టు చేసి, "వదినా, ఇంజన్లు ఆడవాళ్ళకి లొంగవు. ఈ యేటికి చేను నాకు కౌలుకిచ్చెయ్. నీకు లోటు రానిస్తానా?" అన్నాడట. ఆయన చెడ్డవాడేం కాదు, నిజంగానే లోటు రానిచ్చేవాడు కాదు. కానీ ఒక యేటికని ఇచ్చిన చేను మళ్ళీ తన చేతికి రాదని, అది పోతే ఆ ఇంట్లో తన మాటా ఉండదని అత్తయ్యకు తెలుసు. ఆ యేడు పంట కన్నా ఆమెకు అదే పెద్ద భయం.

మర్నాడు పొద్దున్నే బస్సు దిగి, ఇంజను ఒక సంచిలో పెట్టుకుని షాపుకు వచ్చేసింది. రైతులంతా పక్కకు తప్పుకున్నారు. బావ కంగారుగా లేచి, "పిన్నిగారూ, మీరెందుకొచ్చారండీ? కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా" అన్నాడు.

"నువ్వొస్తే నువ్వే లాగుతావు. లాగాల్సింది నేను" అంది అత్తయ్య.

అందరి ముందూ కొంగు బిగించి తాడు లాగింది. అది తన్నింది. చెయ్యి చూసుకోలేదు, మళ్ళీ లాగింది, మళ్ళీ తన్నింది. వాచిన ఆ మణికట్టు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. బావ మాత్రం తన పనిని తప్పంటున్నారనే బాధలో పడి, "వెనక్కి జరిపితే గాలి తగ్గుద్దండీ. మందు ఇప్పుడు పడినంత దూరం పడదు" అన్నాడు.

"పడని చోటికి నేను నడుస్తాలే నాయనా. ముందు అది నా చేత్తో లేవాలి."

బావ మళ్ళీ ఇంజను ముందు కూర్చున్నాడు. ఫ్లైవీల్ ఊడదీశాడు, కాగితం ముక్క పెట్టాడు, ప్లేటును కాస్త వెనక్కి తిప్పాడు. ఆమె లాగింది. చాల్లేదు. ఇంకాస్త తిప్పాడు. అలా ఆమె లాగడం, బావ తిప్పడం ఎంతసేపు జరిగిందో తెలియదు, పక్క షాపుల వాళ్ళు కూడా పని మానేసి చూశారు. చివరికి ఒక లాగుకు ఇంజను తన్నకుండా మెత్తగా అందుకుంది. దాని చప్పుడులో పెద్ద బలమేమీ లేదు. అత్తయ్య ముఖం మాత్రం వెలిగిపోయింది. అంత సంతోషం నేను ఆ షాపులో అంతకు ముందు గాని, ఆ తర్వాత గాని చూడలేదు.

ఆ తర్వాత బావ ఏ ఇంజను వచ్చినా ముందుగా, దీన్ని లాగేది ఎవరని అడగడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా మొహమాటపడి ఊరుకున్న కొందరు ముసలి రైతులు కూడా, ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చి, మాదీ కాస్త వెనక్కి జరపమని గొంతు తగ్గించి అడిగేవారు.

అత్తయ్య చేను కౌలుకివ్వలేదు. ఆ యేడే కాదు, బతికున్నన్నాళ్ళూ ఇవ్వలేదు. గాలి చాలని ఆ ఇంజనుతో, మిగతావాళ్ళు ఒక సాలులో నడిచే చోట తాను రెండింటిలో నడిచేది. అంటే మంచులా కమ్మే ఆ మందు తుంపరలో రెండింతలు నడిచేది. పెద్దతనంలో పట్టుకున్న దగ్గు ఆ నడకదేనేమోనని నాకు గుబులుగా ఉండేది. ఒకసారి ఆ మాటే అంటే, "నా చేలో నేను నడిచాను, దానికేముందిరా" అని తీసిపారేసింది. ఆ దగ్గుతోనే పోయింది.

మొన్న ఆ దారిన వెళుతూ చేను దగ్గర కారు ఆపించాను. గుంటూరులో ఉద్యోగం చేసుకునే ఆమె కూతురు ఇప్పుడు దాన్ని కౌలుకే ఇచ్చింది, కౌలుదారు మారినప్పుడల్లా ఫోనులోనే మాట్లాడుకుంటారట. మిరప వేసి ఉంది. గట్టు మీద నిలబడి ఇద్దరు కుర్రాళ్ళు డ్రోనుతో మందు కొడుతున్నారు. నేను సీసాలో నీళ్ళు తాగేలోగా పని అయిపోయింది, ఎవరూ ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు, ఎవరూ సాళ్ళలో దిగలేదు. ఇది అప్పుడే ఉంటే అత్తయ్య ఇంకొన్నాళ్ళు బతికేది కదా అనిపించి, నిజంగానే సంతోషించాను. కానీ గట్టు దిగి చూస్తే, ఆ మెత్తటి నల్లరేగడిలో, అంత పొడుగు సాళ్ళలో ఎక్కడా ఒక్క అడుగు గుర్తు లేదు. చేను ఎవరిదని ఆ కుర్రాళ్ళను అడిగాను. "తెలవదండీ, ఫోన్లో మ్యాపు మీద గీత గీసిచ్చిన కాడికి కొట్టేసి వెళ్ళిపోతాం" అన్నారు. మా అత్తయ్యదని నేనే చెప్పాను.