ఆ పాట ఏ క్యాసెట్‌లోనూ లేదు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పోనుపోను బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. నేను ఎవరినీ చంపలేదు, ఎవరి ఇల్లూ కూల్చలేదు. ఒక మనిషి కట్టిన పాటను అతనిది కాదని అతని చేతే ఒప్పించాను. ఇదేమంత తప్పని నాకు నేను చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. ఏమంత కాకపోతే ఈ కాగితం ముందెందుకు కూర్చున్నాను? మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

అతని పేరు సన్యాసిరావు. పద్మనాభం దగ్గర పల్లెలో రైతుల బిడ్డ, పాలిటెక్నిక్‌లో నా పక్క బెంచీ. మాది ఉక్కునగరంలో కంపెనీ క్వార్టరు. తొంభైలలో మా ఇంట్లో టీవీకి తగిలించే వీడియోగేమ్ ఉండేది. మిగతా స్నేహితులు ఆడడానికి వచ్చేవారు, సన్యాసి వినడానికి వచ్చేవాడు. ఆటలో బొమ్మను శత్రువులు రాని మూల చూసి నిలబెట్టేవాడు. టైమ్ అయిపోయి బొమ్మ చచ్చేదాకా వెనకాల వచ్చే పాట వింటూ కూర్చునేవాడు. నాన్న నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకుంటే, సౌండు తగ్గించి ఇద్దరం టీవీకి చెవులానించేవాళ్లం. టేప్‌రికార్డర్ దగ్గర పెట్టి ఆ పాటలు రికార్డు చేసేవాళ్లం. వాటి మధ్యలో మా అమ్మ కుక్కర్ కూతలు కూడా పడేవి.

ఆ మిషన్ ఒకేసారి మూడు స్వరాలు, ఒక బుస్సుమనే చప్పుడు మాత్రమే పలికించగలదని సన్యాసి చెవితోనే కనిపెట్టాడు. మూడు దినుసులతో విందు వండినాయన ఎవరో తెలుసుకోవాలని తపించిపోయేవాడు. తెలిసే దారి లేదు. ఆ మిషన్‌లో పెట్టడానికి మేం కొనే గేమ్ క్యాసెట్లన్నీ దొంగవి. ఒక్కోదాంట్లో డజన్ల ఆటలు కుక్కి, తయారుచేసినవాళ్ల పేర్లన్నీ చెరిపేసేవారు. అందుకని సన్యాసి ఆ పాటలు కట్టిన ప్రతివాడినీ పెద్దాయన అనేవాడు. వండినోడి పేరు తెలీకుండా తినీడం పాపమని నిజంగానే బాధపడేవాడు.

రెండు వేల సంవత్సరం దాటాక నేను ద్వారకానగర్‌లో ఫోన్లకు ఆటలు తయారుచేసే చిన్న ఆఫీసులో చేరాను. పాటలు నా పని. అప్పటి ఫోన్లు కూడా మా పాత మిషన్‌లాగే మూడు నాలుగు స్వరాలకు మించి పలికేవి కావు. పడవల ఆట ఒకదానికి పాట కావాలన్నారు. వారం రోజులు కొట్టుకున్నాను, ఒక్కటీ నిలబడలేదు. ఆ రోజుల్లోనే సన్యాసి, రోజూ బస్సులో సిటీకొచ్చి మందుల షాపులో పని చేసుకునే సన్యాసి, తన పాత కీబోర్డు మీద కట్టిన పాటను టేపు చేసి తెచ్చి, ఎలా ఉందో చెప్పమన్నాడు.

విన్నాను. మొదట సంతోషం కలిగింది, నిజం. రెండోసారి వినేసరికి ఒళ్లు మండిపోయింది. వీడికెందుకొచ్చింది, నాకెందుకు రాలేదు? ఆ రోజే దాన్ని స్వరం స్వరం కంప్యూటర్‌లో ఎక్కించి నాదని ఇచ్చేశాను. ఆట చివర సంగీతం అన్న చోట నా పేరు పడింది. ఉద్యోగం పర్మనెంటైంది.

కొన్ని నెలలకు బస్సులో ఎవరి ఫోన్‌లోనో అతను ఆ పాట విన్నాడు. తిన్నగా మా ఇంటికొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"బావ, ఆ పడవల గేమ్‌లో పాట నాను కట్టిందే కదేటి?" అని మెల్లగా అడిగాడు.

అవునంటే సరిపోయేది. "నీది కాదు బావ. మనం మా ఇంట్లో విన్న ఏదో క్యాసెట్‌లోది. నీ చెవిలో ఉండిపోయింది, నీదే అనుకున్నావు. పాతదని తెలిసే నేను వాడుకున్నాను" అన్నాను.

"ఏ క్యాసెట్టు?"

"గుర్తులేదు."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "అయితే నాను పెద్దాయన పాట ఎత్తీసానా?" అన్నాడు.

ఎందుకు నమ్మాడు? ఆ క్యాసెట్లన్నీ అతనితో కూర్చుని విన్నవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి. వాటిలో పేర్లుండవు, ఏది ఎవరిదో తేల్చుకోలేడు కాబట్టి. అదంతా నాకు ఆ క్షణంలోనే తెలుసు. భయంతో నోరుజారిందని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. కాదు, ఎక్కడ కొడితే పడిపోతాడో చూసుకుని కొట్టాను.

సన్యాసి మళ్లీ కీబోర్డు ముట్టుకోలేదు. ఏది వాయించబోయినా ఇదెవరిదో అని అనుమానమట. ఆ పాట ఎందులోదో తేల్చుకోవాలని ఆదివారాలు పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల పాత క్యాసెట్లు ఏరుకుంటాడు, ఇంటికి తీసుకెళ్లి మొదటి ఆట నుంచి చివరి ఆట దాకా వింటాడు. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని జపాన్‌లో ఆ పాటలు కట్టినవాళ్ల పేర్లు తెలుగులో నోటుబుక్కులో రాసుకుంటాడు. కొందరి పేర్లు వాళ్ల కంపెనీలే దాచేసేవట, మారుపేర్లు వేసేవట. అదెంత అన్యాయమోనని ఒకరోజు నాకే చెప్పుకుని బాధపడ్డాడు. తేలు కుట్టిన దొంగలా విన్నాను.

పోయిన నెల వాళ్ల ఊరు వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను, ఒట్టు. అన్నం పెట్టారు. తిన్నాక నోటుబుక్కు తెచ్చి చూపించాడు. విన్న ఆటలన్నిటికీ అడ్డగీతలున్నాయి, పేజీల నిండా. వాళ్లావిడ నన్ను పక్కకు పిలిచి, మీ మాటైతే వింటారు, ఇది మానీమని చెప్పండన్నయ్యా అంది.

"దొరకనేదు బావ. అంత మంచి పాట కట్టినోడి పేరు తెలిస్తే సాలు, తప్పయిపోనాదని ఉత్తరం రాసుకుంతాను" అన్నాడు సన్యాసి.

నోరు తెరిచాను. దొరుకుతుందిలే అన్నాను. అదీ నా బతుకు. బస్సెక్కి వచ్చేశాను.

ఇప్పుడు రాస్తున్నాను. ఆ పాట సన్యాసిరావు కట్టాడు. ఇంకోసారి రాస్తాను. ఆ పాట సన్యాసిరావు కట్టాడు. ఆరేళ్లలో మొదటిసారి నా చేత్తో నిజం రాశాను, ఊపిరి కాస్త ఆడుతోంది. కానీ చదువుతున్నది మీరు. అతను ఈ ఆదివారం కూడా క్యాసెట్లు ఏరడానికి వెళతాడు.