బంతి వెళ్ళిపోయాక నేను వేసిన రెండడుగులు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఏడాది దాదాపు మూడు నెలలపాటు నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను గాని ఆ ప్రార్థన నా గొంతు దాటి పైకి వెళ్ళినట్టు ఒక్కరోజు కూడా అనిపించలేదు. ఆరాధనలో మీతోపాటు పాడాను, చప్పట్లు కొట్టాను, ఎలా ఉన్నావని అడిగినవారికి దేవుని కృపవల్ల బాగున్నానని చెప్పాను, ఇంటికి వెళ్ళి భార్య ముఖం చూడలేక శుభ్రంగా ఉన్న కారునే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ గడిపాను. ఆ చీకటి ఎవరో నా మీద వేసింది కాదు, నా చేతులతో నేనే తెచ్చుకున్నది. అందులోనుండి ప్రభువు నన్ను ఎలా బయటికి తెచ్చాడో రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నాను. దేవునికే మహిమ!

నేను ఈ మలే దేశంలోనే, బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరితోటలో పుట్టి పెరిగి, ఇప్పుడు పోర్ట్ క్లాంగ్‌లో ఒక గోదాములో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. పెళ్ళప్పుడు బాప్తిస్మం తీసుకున్నాను. నిజం చెప్పాలంటే అది నా భార్య గ్రేస్ కోసమే గాని ప్రభువు కోసం కాదు. ఆరాధన ముగియగానే నా ఆదివారాలన్నీ మైదానంలోనే గడిచేవి. మా ఊళ్ళో కొంతమందిమి కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే క్లబ్బు పెట్టుకున్నాం. అది కాలితో తన్నే ఆట కాదు, రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో విసిరే ఆట. విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతని చేతిలో బంతి ఉండగానే పరుగెత్తి వెళ్ళి పడగొట్టడం నా పని.

విసిరేవాడి పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. చెయ్యి పైకెత్తి ఉంటుంది, పక్కటెముకలకు అడ్డేమీ ఉండదు, చూపంతా దూరంగా పరుగెడుతున్న తనవాడి మీద ఉంటుంది, తన మీదికి దూసుకొచ్చేవాణ్ణి చూసుకునే వీలే ఉండదు. అలా మోకాళ్ళు చెడి, భుజాలు విరిగి, తలకు దెబ్బ తగిలి ఎక్కడున్నారో తెలియక తూలిపోయినవాళ్ళు ఎందరో! అందుకే అమెరికాలో జీతాలు తీసుకుని ఆడేవాళ్ళకు నియమాలు పెట్టారు: బంతి చెయ్యి దాటిపోయాక అతన్ని కొట్టకూడదు, తల మీద కొట్టకూడదు, మోకాళ్ళ మీద పడకూడదు, పడగొట్టినా నీ బరువంతా అతని మీద వెయ్యకూడదు. మా క్లబ్బూ ఆ నియమాలనే పెట్టుకుంది.

నాకు ఆ నియమాలంటే అసహ్యం. అమెరికాలో ఆదివారం సాయంత్రం జరిగే ఆట మాకు సోమవారం పొద్దున వస్తుంది. గోదాము క్యాంటీన్‌లో తే తారిక్ అనే పాల టీ తాగుతూ ఫోనులో చూసేవాణ్ణి, ఆ నియమం తప్పారని అంపైర్ పసుపు గుడ్డ విసిరినప్పుడల్లా "గాజులు తొడగండ్రా వీడికి!" అని అరిచేవాణ్ణి. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకు కూడా, బంతి పోయిందని ఆగితే మగవాడివి కావని నేర్పించాను. సహోదరులారా, ఇంట్లో కూడా నేను అలాంటివాణ్ణే. అవతలి మనిషి తగ్గాక ఆగడం నాకు తెలియదు. గ్రేస్ తప్పు ఒప్పుకున్నాక కూడా ఇంకో నాలుగు మాటలు అంటేనే నాకు తృప్తి.

మా క్లబ్బులో ఒక అలవాటు ఉంది. అంత పెద్ద మైదానానికి మాకు ఇద్దరే అంపైర్లు, వాళ్ళూ వయసు మళ్ళినవాళ్ళు. అందుకని, అంపైర్ చూడకపోతే తప్పు చేసినవాడే చెయ్యెత్తి ఒప్పుకోవాలి. మలేవాళ్ళు, చైనావాళ్ళు, మనవాళ్ళు అందరం ఆ మాట మీదే ఆడాం. ఆ మాట మీదే ఒకరి చేతుల్లో ఒకరం ప్రాణం పెట్టాం.

ఆ రోజు వాన వెలిసి గడ్డి తడిగా ఉంది. అవతలి జట్టులో బంతి విసిరేవాడు శంకర్. అతను మా చెల్లెలు లక్ష్మి భర్త, పోర్టులో కంటైనర్ లారీ నడుపుతాడు, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తాడు, నోరు ఊరుకోదు. రెండుసార్లు నేను వెళ్ళేలోపే బంతి విసిరేసి, అందరూ వినేలా అన్నాడు: "బావా, నీ కాళ్ళింకా కొబ్బరితోటలోనే ఉన్నాయి లా! నువ్వొచ్చేతలికి నేను ఇసిరేసి, తే తాగేసి వత్తాను!" అందరూ నవ్వారు. అది హాస్యమే, మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఉండేదే. కానీ ఆ నవ్వు నాలో ఎక్కడో గుచ్చుకుంది.

మూడోసారి పరుగెత్తాను. అతని చేతిలోనుండి బంతి వెళ్ళిపోవడం చూశాను. స్పష్టంగా చూశాను, సహోదరులారా! పక్కకు తిరగడానికి నాకు చోటుంది, సమయం ఉంది. నేను ఇంకో రెండడుగులు వేసి, నా బరువంతా వేసి అతన్ని నేలకు కొట్టాను.

ఎముక విరిగిన శబ్దం విన్నాను. హెల్మెట్ ఉన్నా తల నేలకు గట్టిగా తగిలింది. కాసేపటికి కళ్ళు తెరిచి, "బావా, టాస్ ఎవరు గెలిసినారు?" అని అడిగాడు. చెప్పాను. మళ్ళీ అదే అడిగాడు. మూడోసారి కూడా అదే అడిగాడు. అందరి కళ్ళూ దూరంగా ఎగిరిన బంతి మీదే ఉన్నాయి కాబట్టి నా రెండడుగులు ఎవరూ చూడలేదు. అంపైర్ వచ్చి బంతి చేతిలో ఉందా, వెళ్ళిపోయిందా అని అడిగాడు. నేను చెయ్యెత్తలేదు. "చేతిలోంచి అప్పుడే జారుతోంది, ఆగలేకపోయాను" అన్నాను.

భుజం దగ్గర ఎముక విరిగింది. దానికంటే తలకు తగిలిన దెబ్బ ఎక్కువ బాధపెట్టింది. వెలుతురు చూస్తే నొప్పి, నిలబడితే కళ్ళు తిరగడం. లారీ ఎక్కవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. నేను ఆస్పత్రికి వెళ్ళాను. ఆ రోజేమీ అతనికి గుర్తు లేదు కాబట్టి నేను చెప్పిందే అతనికి నిజమైపోయింది. మంచం మీదనుండి నా చెయ్యి పట్టుకుని అన్నాడు: "బంతి ఎక్కువసేపు పట్టుకున్నాను కామోసు బావా. తప్పు నాదే లా. నా వల్ల నీకు మాటొచ్చినాది, ఏటీ అనుకోకు."

అతను నన్ను క్షమాపణ అడిగాడు! నేను, పరవాలేదులే అన్నాను! ఆ మాట నా నోటినుండి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆ రోజునుండి నేను చేసిన ప్రార్థన మీకు చెప్పకపోతే ఈ సాక్ష్యం అబద్ధమవుతుంది. "ప్రభువా, శంకర్ తల బాగుచెయ్యి, అతన్ని లారీ ఎక్కించు, కానీ ఆ రోజు మాత్రం అతనికి గుర్తు రానివ్వకు." ప్రతిరోజూ ఇదే. బాగుచెయ్యమంటూనే పూర్తిగా బాగుచెయ్యవద్దని దేవుణ్ణి వేడుకున్న పాపిని నేను.

శంకర్, లక్ష్మి గుడికి వెళ్ళేవాళ్ళే అయినా, గ్రేస్ అడిగితే ఒక ఆదివారం మన సహవాసానికి వచ్చారు. మీలో చాలామందికి ఆ రోజు గుర్తుండే ఉంటుంది. మన పెద్దమ్మ ఒకామె అతని తల మీద చెయ్యి పెట్టి, "తండ్రీ, ఈ బిడ్డ పోగొట్టుకున్నదంతా తిరిగి ఇయ్యి, ఒక్క గడియ కూడా మరుగున ఉండనియ్యకు" అని ప్రార్థించింది. మీరందరూ ఆమేన్ అన్నారు. నా నోరు తెరుచుకోలేదు. ఎంత ప్రయత్నించినా ఆ చిన్న మాట రాలేదు! అందరూ భోజనాలకు లేస్తుంటే నేను బయటికి వెళ్ళి కారులో కూర్చున్నాను, గ్రేస్ వెనకే వచ్చి పక్కన కూర్చుంది. ఆమె ఉందని తెలిసి కూడా నాలోనుండి ప్రార్థన బయటికి వచ్చేసింది:

"ప్రభువా, నేను చూశాను. బంతి వెళ్ళిపోవడం చూశాను. చూసి కూడా కొట్టాను. కొట్టి అబద్ధం చెప్పాను. ఇక దాచలేను, నన్ను విడిపించు."

గ్రేస్ సీటు బెల్టు పెట్టుకుంది. తరువాత, "నాకు, దేవుడికి సెప్పినావు. దెబ్బ తిన్నోడికి సెప్పాలి గదా? ఆళ్ళు ఇంటికెళ్ళిపోనారు. కారు తియ్యి" అంది.

లక్ష్మి వాకిట్లో మొక్కలకు నీళ్ళు పోస్తోంది, శంకర్ నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను కూర్చోకుండానే అంతా చెప్పేశాను. లక్ష్మి చేతిలోని గొట్టం కింద పడేసింది.

"ఏటన్నావు? మళ్ళీ సెప్పు."

మళ్ళీ చెప్పాను.

"మూడు నెల్లు ఆయన తనని తనే తిట్టుకున్నాడు! నువ్వు ఎదురుగా కూసుని కాఫీ తాగినావు! నువ్వు అన్నవా? లెగిసి ఎల్లు, నా గుమ్మం తొక్కకు!"

నేను కదిలేలోపు శంకర్ చెయ్యెత్తి ఆమెను ఆపాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. అతను నా వైపు తిరిగి, "అయితే నువ్వు తగిలే ముందే నేను బంతి ఇసిరేసినానా?" అన్నాడు.

"విసిరేశావు."

"మావోడు అందుకున్నాడన్నారు, నిజమేనా?"

"అందుకున్నాడు. గీత కూడా దాటాడు, మీకు పాయింట్లు వచ్చాయి."

అతని ముఖంలో వెలుగొచ్చింది. "సూసినావా లక్ష్మీ, నా తప్పు కాదు లా!" అని నవ్వుతూనే ఏడ్చేశాడు. నేను అతని కాళ్ళ దగ్గర కూలబడ్డాను. "నీ మీద కోపం ఉన్నాది బావా, అది ఇప్పుడే పోదు. కానీ సెప్పినావు. అది సాలు" అన్నాడు. నేనైతే మూడు నెలల తరువాత మొదటిసారి గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. హల్లెలూయా!

తరువాతి ఆదివారం ఆరాధన అయ్యాక క్లబ్బుకు వెళ్ళి అందరి ముందూ ఒప్పుకున్నాను. వాళ్ళు నన్ను ఒక సీజనంతా ఆటకు దూరం పెట్టారు, అది న్యాయమే. ఇప్పుడు నేను ఆడను. కొత్తవాళ్ళకు, పరుగులో ఉండగానే బంతి వెళ్ళిపోతే ఎలా పక్కకు తిరగాలో, మీద పడక తప్పకపోతే అతని మీద కాకుండా తమ భుజం మీద ఎలా పడాలో నేర్పిస్తున్నాను. వేగంగా వెళ్ళి కొట్టడంకంటే ఇది ఎంతో కష్టం. ఆ నియమాల్లో పిరికితనం లేదు, తనను తాను కాచుకోలేని క్షణంలో ఉన్న మనిషి మీద కనికరం ఉంది. ప్రభువు నన్ను కూడా అలాంటి క్షణంలోనే పట్టుకున్నాడు, పడగొట్టలేదు.

శంకర్ ఇప్పుడు మళ్ళీ లారీ నడుపుతున్నాడు, తలనొప్పులు పోయాయి, దేవునికి స్తోత్రం! భుజం మాత్రం మునుపటిలా పైకి లేవదు, అతను ఇక బంతి విసరడు. దేవుడు అంతా తిరిగి ఇచ్చేశాడని నేను చెప్పను, నేను విరగ్గొట్టింది విరిగే ఉంది. లక్ష్మి నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఒకరోజు గ్రేస్ ఫోనుకే చేసి, "ఆదివారం మీ ప్రార్థన అయిపోయాక ఆయన్ని కూడా తీసుకురా, సేపల పులుసు సేస్తన్నాను" అంది. వెళ్ళాను. నా కంచంలో ఆమే వడ్డించింది, నా వైపు చూడకుండానే వడ్డించింది, ఆ అన్నం తింటూ నేను లోలోపల ప్రభువును ఎన్నిసార్లు స్తుతించానో ఆయనకే తెలుసు.

సహోదరులారా, ఇది చదువుతున్న మీలో ఒకరు ఒక విషయాన్ని పక్కన పెట్టి మిగతా అన్నిటి గురించీ ప్రార్థన చేస్తున్నారేమో. ఆ ఒక్క విషయమే మొదట చెప్పండి. ఆయనకు చెప్పండి, తరువాత మీరు గాయపరిచిన మనిషి ఇంటికి వెళ్ళండి, ఆ ఇంట్లో తిట్లు పడినా వెళ్ళండి. ఆయన మీతోపాటు ఆ వాకిట్లో నిలబడతాడు, నాతో నిలబడ్డాడు కాబట్టి చెబుతున్నాను. శంకర్‌కు ఆ మధ్యాహ్నం ఈనాటికీ గుర్తు రాలేదు, ఆ రోజు గురించి అతని దగ్గర ఉన్నది నా మాట ఒక్కటే. ఆ మాట ఇప్పుడు నిజమైనది, అది చెప్పే ధైర్యం నాకిచ్చిన యేసయ్యకే సమస్త మహిమ. ఆమేన్.