ఆడవాళ్ల వైపు తలుపు

ఆంజనేయుడు కొండను ఒక్క రాత్రే మోశాడు. నేను ఒక తలుపును యుద్ధం మొదలైన నాటి నుంచీ మోస్తున్నాను. యుద్ధం ముగిసింది, దొరలు పోయారు, తలుపు మాత్రం దిగలేదు. మీరు నవ్వుతారని తెలుసు. నన్ను చూసి నవ్వడం మీకు అలవాటు చేసింది నేనే. ఈసారికి ఊరకే వినండి. పేరు రాయను. పుంగనూరు వాళ్లకు రాయనక్కర్లేదు.

అక్కడి ఊరుమ్మడి హాలుకు నేను కార్యదర్శిని. హాస్య ప్రసంగాలూ చేసేవాణ్ణి. నేను నోరు తెరిస్తే మదనపల్లె దాకా జనం పొట్టలు పట్టుకునేవారని చెప్పుకునేవాణ్ణి. నిజానికి ముందు వరుస నవ్వేది, వెనక వరుస నిద్రపోయేది. అంతలో కుప్పం నుంచి మునెప్ప వచ్చాడు. సగం అరవం, కాస్త కన్నడం, మిగిలింది తెలుగు కలిపి అత్తాకోడళ్ల కథ చెబితే, ఆ నవ్వుకు హాలు పెంకులు లేచిపోయి రామసముద్రంలో పడ్డాయి. సరే, పడలేదు. కదిలాయి. నాకు ఏనాడూ ఒక్క పెంకూ కదల్లేదు.

హాలుకు లైసెన్సు ఇచ్చేటప్పుడు ఇన్‌స్పెక్టరు రెండు షరతులు పెట్టాడు. ఇసుక బకెట్లు నిండుగా ఉండాలి. లోపల జనం ఉన్నంతసేపూ ఆడవాళ్ల వైపు తలుపుకు తాళం వేయకూడదు. బకెట్లలో మేము తాంబూలం ఉమ్మేవాళ్లం. తలుపు సంగతి మాత్రం కాపలాదారు చెంగప్ప తప్పకుండా చూసుకునేవాడు. జనం రాకముందే తాళం తీసేవాడు, వెళ్లాక వేసేవాడు. రెండో తాళంచెవి నా జేబులో ఉండేది.

ఆ సాయంత్రం మునెప్ప లోపల నవ్విస్తున్నాడు. నేను హాలు పక్కన నిలబడి కుళ్లుకుంటున్నాను. ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఆ తలుపు గుండా వచ్చిన తల్లి, బిడ్డ ఊరుకోగానే లోపలికి పోవాలి కదా? ఊహూఁ. వీధిలోకి పోయి అక్కను, వదినను, పక్కింటి అవ్వను వెంటబెట్టుకుని వచ్చేది. నా ప్రసంగం నుంచి బిడ్డతో బయటికి పోయిన తల్లి ఒక్కతైనా తిరిగి వచ్చిందా? జవాబు తట్టకముందే నా చెయ్యి ఆ తలుపు గొళ్లేనికి వేలాడే తాళాన్ని నొక్కేసింది.

జనం పెరగకుండా ఆపుదామనుకున్నాను. అంతే. అంతేనా?

ఇక్కడి నుంచి ఏదీ పెంచి చెప్పను. పెట్రోమాక్సు దీపం భగ్గుమంది. తెర అంటుకుంది. ఆడవాళ్లు వచ్చి తలుపు మీద పడ్డారు. అది తెరుచుకోలేదు. బయట నేనున్నాను, జేబులో చెవి ఉంది. తీస్తే వేసిందెవరో తెలిసిపోతుందన్న ఒక్క ఆలోచన నా కాళ్లను నేలలో దిగ్గొట్టింది. లోపల మునెప్ప గొంతు: "అమ్మా, ఆ తలుపు అత్త మాదిరి అలిగుండాది, దాన్ని బతిమాలొద్దండి! ఇట్లా రండి! దోవ వదలండప్పా మగోళ్లు!" అంత మంటలోనూ ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో తొక్కిసలాట ఆగింది. మండే తెరను అతడు వట్టి చేతులతో లాగి కింద పడేశాడు. అందరూ బతికారు. తలుపు దగ్గర నలిగి ఒకావిడ చెయ్యి విరిగింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు తాళం చూపించి, "ఎవరు వేశారు?" అన్నాడు. నేను చెంగప్ప వైపు చూశాను.

"తీసినట్టే గుర్తుండాది సామీ," అన్నాడు చెంగప్ప.

"బాగా గుర్తు తెచ్చుకో చెంగప్పా," అన్నాను.

ముసలాయన తన అరచేతుల్ని చూసుకున్నాడు. "రోజూ ఏసే చెయ్యి కదా... నేనే ఏసుంటానేమో సామీ."

పనిలోంచి తీసేశాం. తీసేశాను. చేతులకు కట్లతో మునెప్ప మా ఇంటికి వచ్చి, ముసలాయనను మళ్లీ పనిలో పెట్టుకోమని బతిమాలాడు. లైసెన్సు షరతు తప్పినవాణ్ణి ఎట్లా ఉంచుకోవడం అన్నాను. ఊరంతా దండం పెడుతున్న ఆ కట్లను చూసి కూడా నాకు కడుపు మండింది.

చెంగప్ప కురబలకోటలో కూతురి ఇంట చేరి, ఎవరివో గొర్రెలు కాచి, అక్కడే పోయాడు. తానే తాళం వేశానని నమ్ముతూ పోయాడు. ఆ నమ్మకం నేనిచ్చింది. ఇప్పుడు దాన్ని ఎవరి దగ్గర వెనక్కి తీసుకోను?

ఇది చదివి మీరు మునెప్పనే మెచ్చుకుంటారు. రాస్తుంటేనే నాకది గుచ్చుకుంటోంది, నేను బాగుపడలేదన్నమాట. క్షమించమని అడగను. ఇంతవరకూ రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. చెంగప్ప కూతురు కురబలకోటలోనే ఉంది. ఆమెకు చదువు రాదు. అటు పోయేవాళ్లెవరైనా ఈ ఒక్క ముక్క చదివి వినిపించండి: అమ్మా, మీ నాయన ఆ పొద్దు తాళం తీశాడు. వేసింది నేను.