వీరేశం చేసిన ఫిర్యాదు

స్టేషన్ ఘన్‌పూర్‌లో వీరేశానిది కరెంటు సామాన్ల దుకాణం. ఇరవై రెండేళ్లుగా ఊరికి వైర్లు, స్విచ్చులు అమ్ముతున్నాడు. రోజూ షట్టర్ దించాక తాళాన్ని మూడుసార్లు గుంజి చూడనిదే కదలడు. అలాంటి మనిషి పెళ్లయిన పాతికేళ్లకు భార్య యశోదతో కలిసి ఐదు రోజులు అరకు చూసి రావాలనుకున్నాడు.

వారం ముందు నుంచే ఇంటికి కట్టుదిట్టాలు మొదలుపెట్టాడు. బంగారం బ్యాంకు లాకర్లో పెట్టాడు. పాలు, పేపరు ఆపించాడు. గేటు మీద కెమెరా బిగించి ఫోనుకు కలిపాడు. తిరిగొచ్చేదాకా ఒక్క ఫొటో కూడా స్టేటస్‌లో పెట్టొద్దని యశోదకు గట్టిగా చెప్పాడు.

"పక్కింటి వజ్రక్కకైన ఒక మాట చెప్పి పోదాం. మన నంబరు ఇద్దాం" అన్నది యశోద.

"ఎవ్వలకు చెప్పకు. తెలిసినోల్లే తాళం పలగొడ్తరు."

వజ్రమ్మకు అరవై దాటాయి. భర్త లేడు. ఇంటి ముందు పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆమె ఇంటికీ వీరేశం ఇంటికీ నడుమ ఒకటే గోడ. అయినా ఆమెకు చెప్పకుండానే ఇద్దరూ తెల్లారుజామున కాజీపేటకు పోయి రైలెక్కారు.

అరకులో రెండో రోజు మధ్యాహ్నం, కాఫీ తోటలో నడుస్తుండగా ఫోను మోగింది. కెమెరాలో వజ్రమ్మ కనబడింది. చేతిలో గడ్డపార. రెండు పోట్లకు గేటు తాళం ఊడిపడింది. ఇంటి తలుపు తాళం కూడా పగలగొట్టి ఆమె లోపలికి ఉరికింది. నిమిషం కాకముందే తెర నల్లబడింది.

"చూసినవా? నేను చెప్పలే?" అంటూ వీరేశం పోలీసుల వంద నంబరుకు ఫోను చేశాడు.

అరగంటకు ఇంటి దగ్గర నుంచి కానిస్టేబుల్ మాట్లాడాడు. "పొగొస్తుంటె తాళం పలగొట్టిన అంటున్నది. వంటింటి గోడ మసివట్టి ఉన్నది. ఏం జేద్దాం?"

"దొరికిపోతనని ఆమెనే అంటువెట్టి ఉంటది సార్. మెయిన్ బంద్ జేసి కెమెరా గూడ ఆర్పింది. తీస్కపోయి అడగండి."

యశోద చెయ్యి పట్టుకుంది. "జర ఆగు. ఆమె అసుంటిది కాదు." అతను విదిలించుకున్నాడు. ఫిర్యాదు రాసి వాట్సాప్‌లో పంపాడు.

అరకు చూడాలన్న మనసు పోయింది. మరుసటి రోజు మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. బీరువా వేసింది వేసినట్టే ఉంది. ఇంట్లో చెంచా కూడా పోలేదు. వంటింట్లో ఫ్రిజ్ వెనక ప్లగ్గు బోర్డు కరిగి కారింది. జానెడు దూరంలో గ్యాసు బండ. నేల మీద వజ్రమ్మ బకెట్టు, తడిపిన గోనెసంచులు.

వైర్ల పని తెలిసినవాడు కనుక వీరేశానికి ఒక్క చూపులో అర్థమైంది. రెండేళ్ల కింద ఆ వైరు తెగితే కొత్తది వేయకుండా టేపు చుట్టి అతికించింది తనే. మంట మీద నీళ్లు పోసే ముందు మెయిన్ ఆర్పాలని ఆమెకు తెలుసు. ఆ పని చేసినందుకే తను ఆమెను దొంగను చేశాడు. యశోద వజ్రమ్మ బకెట్టు కడిగి గుమ్మం దగ్గర పెట్టింది. తనను తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది.

పక్కింటికి పోయాడు. పొయ్యి వెలగలేదు. వజ్రమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"అక్కా... తప్పైంది."

ఆమె కూర్చోమనలేదు. "పొగ జూసి మస్తు మొత్తుకున్న సేటూ. వాడకట్టోల్లంత నాట్లకు పోయిండ్రు. నీకు చెప్దమంటె నా దగ్గర నంబరు లేకపాయె."

"ఫిర్యాదు వాపస్ తీసుకుంట."

"అది నీకూ పోలీసోల్లకూ నడిమి ముచ్చట. నన్ను జీపుల ఎక్కిచ్చి బజార్లకెల్లి తీస్కపోయిండ్రు. పొద్దుమూకెదాంక బెంచీ మీద కూసున్న. ఇయ్యాల ఒక్కరు రొట్టెకు రాలే. ఆళ్లకు ఎవరు చెప్తరు?"

వీరేశం స్టేషన్‌కు పోయి తప్పు ఫిర్యాదు ఇచ్చానని రాసిచ్చాడు. అక్కడి నుంచి బజారుకు నడిచాడు. మొదటి దుకాణంలో అక్కర్లేని సామానేదో కొని బయటికొచ్చాడు. మళ్లీ వెనక్కి తిరిగి పోయి చెప్పాడు.

"మా ఇంట్ల మంటలేస్తె ఆర్పింది వజ్రక్క. దొంగ అన్నది నేను. అంటుకున్నది నేను కట్టిన వైరే."

ప్రతి దుకాణంలో అదే మాట. పూలమ్మే యాకమ్మ ఊరుకోలేదు. "వైర్లమ్మెటోని ఇంట్లనే వైరు కాలిందా?" అని పకపకా నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. చెవులు కాలిపోతుండగా "ఔను" అని పక్క దుకాణానికి నడిచాడు. బజారు అయ్యేసరికి పొద్దు గూట్లో పడింది.

నాలుగు రోజులకు రొట్టెల గిరాకీ తిరిగి వచ్చింది. వజ్రమ్మ యశోదతో గోడ మీది నుంచి ఎప్పటిలాగే మాట్లాడుతుంది. వీరేశం పలకరిస్తే మాత్రం "ఆఁ, సేటూ" అని రొట్టె తిప్పుకుంటుంది. తిట్టదు, నవ్వదు. దుకాణానికి పోతూ ఆ గుమ్మం దాటేటప్పుడు అతను ఇప్పటికీ తల ఎత్తలేడు.