గేదెలు రాని పార్కు

నా చిన్నప్పుడు మా ఊరి కాలువ గట్టున కొత్తగా పార్కు కట్టారు. గేదెలు లోపలికి పోకుండా, గేటుకు బదులు ఇనుప గొట్టాలు మెలిక దారిలా పాతారు. మనిషైతే పక్కకు తిరిగి దూరవచ్చు. మా పిన్ని మూడు చక్రాల బండి దూరదు. పిన్నికి పసితనంలోనే పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయి. చేత్తో పెడల్ తిప్పుకుంటూ ఊరంతా తిరిగేది; నేను వెనక ఎక్కేదాన్ని.

"గేదెకీ నాకూ ఒకటే కొలత తీసేరండీ, బాబాయిగారూ" అని ఆమె నవ్వితే కాపలా తాతగారు నొచ్చుకున్నారు. ఆయనా ఇంకొకాయనా కలిసి ఆమెను ఎత్తుకెళ్ళి లోపల సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టారు. బండి బయటే ఉండిపోయింది. ఉయ్యాల దొరికిన సంబరంలో నేనదేమీ పట్టించుకోలేదు.

అరగంటకు వాన మొదలైంది. అందరూ పరుగెత్తారు. తాతగారు అప్పటికే టీకి వెళ్ళారు. నేను పిన్ని చంకల కింద చేతులు వేసి లాగాను. నా ఎనిమిదేళ్ళ బలానికి ఆమె జరగను కూడా లేదు. ఆమెను వదిలి ఎవరినైనా పిలుచుకురావడానికి ధైర్యం చాలలేదు. బండి కళ్ళెదురుగానే తడుస్తోంది. ఏడవద్దని చెప్పి పిన్ని నన్ను కొంగు కిందికి లాక్కుంది. చలికి ఆమె పళ్ళు టకటకా కొట్టుకోవడం నాకు వినిపించింది.

వాన వెలిశాక తాతగారు వచ్చి, రేపటినుంచి పక్కనే ఉంటానని బతిమాలారు. మర్నాడు నేనూ బతిమాలాను. నాకు ఉయ్యాల కావాలి. పిన్ని బండి దిగలేదు.

"ఎత్తొద్దండీ. ఎత్తి పెట్టినచోట మళ్ళీ మీరొచ్చి ఎత్తేదాకా ఉండాలి. ఓ తలుపు పెట్టించండి. గేదెకి గొళ్ళెం తియ్యడం రాదు కదండీ."

ఆయ్, పంచాయతీలో అడుగుతానన్నారాయన. అడిగారు కూడా. తలుపు రాలేదు. పిన్ని రోజూ నన్ను తీసుకొచ్చి బయటే ఆగేది. లోపల ఊగుతూ గొట్టాల అవతల ఆమెను చూసేదాన్ని. కొన్నాళ్ళకు ఊగడం మానేశాను.

ఇప్పుడు నా కొడుక్కి నాలుగేళ్ళు. వాకర్ పట్టుకుని నడుస్తాడు. మెట్లున్న ప్రతిచోటా ఎవరో ఒకరు మంచి మనసుతోనే చేతులు చాస్తారు. వాళ్ళకు దణ్ణం పెట్టి, వాడు తనంతట తాను బయటికి రాగల దారి ఉందా అని చూస్తాను. చాలాచోట్ల ఉండదు. అప్పుడు మేం గుమ్మం బయటే నిలబడిపోతాం. లోపలికి పోదామని వాడు నా చున్నీ పట్టుకుని లాగుతాడు. ఆరోజు పిన్ని చేసిందే సరైనదని నాకు తెలుసు. వాడికెలా చెప్పాలో మాత్రం ఇంకా తెలియలేదు.