పందులకు పెట్టకూడని బిర్యానీ

వ్యవసాయ కోర్సు ప్రాజెక్టు కోసం ఆస్ట్రేలియాలో టూవూంబా ఊరి దగ్గర నాలుగు పందిపిల్లల్ని పెంచుతున్నాను. ఈ రోజు చర్చిలో విందు అయ్యాక సుశీల ఆంటీ ఓ పెద్ద డబ్బా నా చేతిలో పెట్టారు. గిన్నెలో మిగిలిన చికెన్ బిర్యానీ.

"నీ పందులకేనమ్మా. గొంతులో ఇరుక్కుంటాయని ఎముకలు కూడా ఏరేశాను."

మాంసం కలిసిన తిండి పందులకు పెట్టడం ఇక్కడ నేరం. పెడితే ప్రాజెక్టు రద్దవుతుంది. పెద్దవాళ్లకు వద్దని చెప్పడం నాకు చేతకాదు. అయినా చెప్పాను.

"పందులక్కూడా రూల్సా! సర్లే, నువ్వు తిను. నీకేం రూల్ లేదుగా?"

వద్దనే ధైర్యం నాకు రోజుకు ఒక్కసారే వస్తుంది. అది పందుల కోసం ఖర్చయిపోయింది. బిర్యానీ నా ఫ్రిజ్‌లో ఉంది. దగ్గర్లో ఉన్నవాళ్లెవరైనా భోజనానికి వస్తారా?